పెదవాల్తేరు ఉప్పుగాలికి ఓ పీసీ డబ్బా

జూన్ 1, ఆదివారం

ర్యామ్ మార్చుదామని కూర్చున్నాను. పది నిమిషాల పని. క్యాబినెట్ పక్క తలుపు ఊడదీయడానికే గంటన్నర పట్టింది. వెనక ఉన్న నాలుగు మరల్లో మూడు తుప్పుతో బిగుసుకుపోయాయి, నాలుగోదాని తల విరిగి స్క్రూడ్రైవర్‌తో పాటే వచ్చేసింది. కొని అయిదేళ్లే అయింది. లోపల అడుగు రేకు అంచులు పొరలు పొరలుగా లేస్తున్నాయి, గ్రాఫిక్స్ కార్డు బిగించే చోట వేలితో రాస్తే గోధుమరంగు పొడి.

మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో. బంధువులొస్తే డాబా మీదికి తీసుకెళ్లి సముద్రం చూపిస్తాం, కిటికీ ఊచలు మాత్రం చూపించం. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తనే నీరు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది, వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే ఎవరికైనా తెలిసేదే. ఆ ఉప్పే కంటికి కనిపించనంత సన్నగా ఎగిరొచ్చి రేకు మీద కూర్చుంటుంది, రాత్రికి తడుస్తుంది, పగలు ఆరుతుంది, మళ్లీ తడుస్తుంది. మామూలు ఇనప రేకుకి రంగు గీరుకుపోయిన చోటల్లా అది దారి చేసుకుంటుంది.

ఇంకో రేకు డబ్బా కొని ఇంకో అయిదేళ్లకి ఇదే కథ నడపడం ఎందుకని, ఈసారి నేనే చేసుకుందామని నిర్ణయించేశాను. పెట్టుకున్న షరతు ఒకటే. ఏ భాగం పాడైతే ఆ భాగం ఒక్కటే, పక్కవాటిని కదపకుండా, అయిదు నిమిషాల్లో బయటికి రావాలి. అదీ ఒకే ఒక్క ఎలెన్ కీతో (ఆరు పలకల మొనతో బోల్టులు తిప్పే వంపు కీ). అమ్మకి చెబితే “పాతదానికి రంగేస్తే పోయేది కదరా” అంది.

జూన్ 4

బుర్రలో ఉన్నదాన్ని అట్టపెట్టె మీద కోసి చూశాను. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె మూడేళ్లుగా అటక మీద ఉంది, ఇప్పటికి పనికొచ్చింది.

నా మదర్‌బోర్డు మైక్రో ఏటీఎక్స్, అంటే 244 మి.మీ. చదరం. ఎస్సెంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె) మామూలు ఏటీఎక్స్ సైజు, వెడల్పు 150, ఎత్తు 86, లోతు 140. గ్రాఫిక్స్ కార్డు 24 సెంటీమీటర్లు. ప్రాసెసరు రైజెన్ 5 5600, 65 వాట్లది, దానికి పెద్ద కూలరు అక్కర్లేదు గానీ ఉన్న కూలరు 155 మి.మీ. పొడుగుంది కాబట్టి డబ్బా వెడల్పు తగ్గించడానికి లేదు. ఎస్సెంపీఎస్ కింద, బోర్డు దాని పైన. బయటి కొలత ఎత్తు 420, లోతు 400, వెడల్పు 220 దగ్గర ఆగాను.

అస్థిపంజరానికి 2020 అల్యూమినియం ప్రొఫైలు. ఇరవై మిల్లీమీటర్ల చదరపు కడ్డీ, నాలుగు వైపులా పొడుగునా గాడి, గాడిలో టీ-నట్టు జారుతుంది. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి బిగించుకోవచ్చు, కన్నం ఒకటి రెండు మి.మీ. తప్పినా కొంప మునగదు. నాలాంటివాడికి అదే పెద్ద ధైర్యం.

ఆ ఒక్క కీ సంగతి. ఎం5 (అంటే 5 మి.మీ. మందం) బటన్ తల బోల్టుకి 3 మి.మీ. ఎలెన్ కీ పడుతుంది, ఎం4 స్తంభం తల బోల్టుకి కూడా 3 మి.మీ. కీనే. కాబట్టి ఫ్రేమంతా ఎం5 బటన్, భాగాలన్నీ ఎం4. ఈ ఒక్క విషయం దొరికాక రాత్రి నిద్ర పట్టలేదు, నిజం.

జూన్ 8, ఆదివారం

ప్రొఫైలు మీటరు ముక్కలుగా వచ్చింది. నాకు కావల్సినవి 420వి నాలుగు, 360వి ఆరు, 180వి నాలుగు. కూడితే 4,560 మి.మీ., అంటే అయిదు మీటర్లు సరిపోవాలి. అయిదే తెప్పించాను. కాగితం మీద వేసుకుంటే సరిపోవడం లేదు! 420వి రెండేసి చొప్పున రెండు కడ్డీలు. 360వి రెండేసి చొప్పున మూడు కడ్డీలు, వాటిలో మిగిలినదాంట్లోంచి 180వి మూడు. నాలుగో 180కి చోటు లేదు. ఆ ఒక్క జానెడు ముక్క కోసం ఆరో కడ్డీ కొనాలా అని తల పట్టుక్కూర్చున్నాను.

అమ్మ కుట్టుమిషను దగ్గర్నుంచే చూసింది. “ఒకే రకం అన్నీ ఒకే దాంట్లో కోస్తే గుడ్డ ఎప్పుడూ చాలదు. ఒక్కోటి ఒక్కో రకం కలిపి వేసుకో” అంది. 420, 360, 180 కలిపితే 960. రంపం తినేది పోగా ఇంకా మిగులుతుంది. అలా నాలుగు కడ్డీలు, అయిదోదాంట్లో 360వి రెండు. అయిపోయింది. ఇంజనీరింగ్ చదివింది నేను.

కోత మాత్రం ఇంట్లో పెట్టుకోలేదు. చేత్తో రంపం పడితే కోత నిటారుగా రాదు, అంచు అర మిల్లీమీటరు వాలిందంటే ఫ్రేమంతా మెలి తిరుగుతుంది. గాజువాక ఆటోనగర్‌లో కిటికీల సెక్షన్లు కోసే షెడ్డుకి బండి మీద తీసుకెళ్లాను, అయిదు కడ్డీలూ భుజానికి కట్టుకుని, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర అందరూ నన్నే చూస్తుంటే. మేస్త్రీకి మిల్లీమీటర్లంటే చిరాకు, అన్నీ అంగుళాలూ నూళ్ల లెక్కే. కాగితం చూసి “ఏటి బాబూ ఇది, పిట్టల పంజరమా?” అన్నాడు. కంప్యూటరుకి అని చెబితే నమ్మలేదు. కానీ పని తెలిసినవాడు. టేపు పెట్టి ఒక్కోటీ కొలవలేదు. రంపం బల్ల మీద ఓ దిమ్మని అడ్డుగా బిగించి, కడ్డీని దానికి ఆనించి కోశాడు. దాంతో నాలుగు ముక్కలూ వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. కొలత 420కి బదులు 419.6 వచ్చినా నష్టం లేదు, నాలుగూ 419.6 రావాలి, అంతే. కూలీ 300.

జూన్ 15, ఆదివారం

నిన్నంతా మరలు కోయడమే. ప్రొఫైలు నడిమధ్య ఉన్న కన్నం 4.2 మి.మీ. దగ్గర్లో ఉంటుంది, ఎం5 ట్యాపుకి (కన్నం లోపల మర కోసే పనిముట్టు) సరిగ్గా అంతే కావాలి. పది అడ్డకడ్డీలు, రెండేసి కొసలు, మొత్తం ఇరవై కన్నాలు.

అల్యూమినియానికి కిరసనాయిలు బాగా పనిచేస్తుందని మావయ్య చెప్పాడు. పెద్ద మావయ్య షిప్‌యార్డులో చేసి రిటైరయ్యాడు, లోహం మీద చెయ్యి వేస్తే ఆయనకి ఏదో ఒకటి చెప్పాలనిపిస్తుంది. 1948లో నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన ‘జల ఉష’ దగ్గర మొదలుపెట్టి నా 20 మి.మీ. కడ్డీ దాకా వస్తాడు, మధ్యలో ఆపలేం. కిరసనాయిలు దొరకడమే ఈ రోజుల్లో గగనం, పక్క వీధిలో పెయింటరు దగ్గర చిన్న సీసాడు అడిగి తెచ్చుకున్నాను.

అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు చిన్న టిక్ మని తెలుస్తుంది, అంటే లోపల తాడులా తెగిన లోహపు పొట్టు విరిగిందన్నమాట. పదకొండో కన్నం దాకా అలాగే చేశాను. పన్నెండోదానికి ధైర్యం ఎక్కువై వెనక్కి తిప్పడం మానేశాను, ట్యాపు ఠక్కున విరిగి సగం లోపలే ఉండిపోయింది. ట్యాపు గట్టి ఉక్కు, డ్రిల్లు దాన్ని కొరకదు. గంటసేపు సూదిముక్కు పటకారుతో కుస్తీ పట్టి చివరికి మిల్లీమీటరు పైకి తేలి ఉన్న ముక్కని పట్టుకుని తిప్పేశాను. కొత్త ట్యాపు కోసం సాయంత్రం డాబాగార్డెన్స్ వైపు వెళ్లాల్సొచ్చింది.

ఈరోజు ఫ్రేము నిలబెట్టాను. బ్రాకెట్లు లేవు. అడ్డకడ్డీ కొసలో బోల్టు సగం బిగించి, దాని తలని నిలువుకడ్డీ గాడిలోకి జార్చి, నిలువుకడ్డీకి వేసిన చిన్న కన్నంలోంచి కీ దూర్చి బిగించాలి. పూర్తయ్యాక బయటికి ఒక్క మర కూడా కనిపించదు. మూలమట్టం పెట్టి చూస్తే ప్రతి మూలా బాగానే ఉంది, బల్ల మీద పెడితే మాత్రం నాలుగు కాళ్లలో ఒకటి లేస్తోంది. కర్ణాలు కొలిస్తే ఒకవైపు 580, రెండోవైపు 577. అన్ని బోల్టులూ వదులు చేసి, ఫ్రేముని గచ్చు మీద నిలబెట్టి, పొడుగు కర్ణం మూలల్ని అరచేతులతో నొక్కుతూ మా బావ చేత బిగింపించాను. మూడోసారికి 579, 579. బావ వెళ్తూ వెళ్తూ “దీనికి టీవీ స్టాండు కొంటే పోయేది” అన్నాడు. వీళ్లంతా ఒకటే బడిలో చదివారేమో.

జూన్ 21, శనివారం

యోగా డే. ప్రధానమంత్రి వచ్చారు, బీచ్ రోడ్డంతా చాపలూ జనమూ. బండి బయటికి తీసే మాటే లేదు. ఈరోజు పని సున్నా. డాబా మీద కూర్చుని టీ-నట్లు సైజుల వారీగా డబ్బాల్లో వేసుకున్నాను.

జూన్ 22, ఆదివారం

బోర్డు కింద పళ్లెం. 3 మి.మీ. అల్యూమినియం రేకు, ఆటోనగర్‌లోనే తూకానికి తెచ్చిన ముక్క.

స్టాండాఫుల (బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న దిమ్మలు) కన్నాలు ఎక్కడ వేయాలో కాగితం మీద కొలతలున్నాయి, కానీ నా చేతి గీత మీద నాకు నమ్మకం లేదు. ద్వారకానగర్‌లో ఓ రిపేరు షాపులో చచ్చిపోయిన మైక్రో ఏటీఎక్స్ బోర్డు ఒకటి వంద రూపాయలకిచ్చారు. దాన్ని రేకు మీద పరిచి, టేపు అంటించి, దాని కన్నాల్లోంచే పంచ్ పెట్టి సుత్తితో చుక్కలు కొట్టాను. అంతకంటే కచ్చితమైన స్కేలు ఇంకోటి ఉండదు. నా అసలు బోర్డుని పక్కన పెట్టి సరిచూస్తే ఎనిమిదికి ఎనిమిది కలిశాయి. 2.5 మి.మీ. బిట్టుతో కన్నం, ఎం3 ట్యాపు, అందులోకి ఇత్తడి స్టాండాఫు. బోర్డుకి కన్నం లేని చోట పొరపాటున స్టాండాఫు మిగిలిపోతే అది వెనక టంకాలకి తగిలి షార్టవుతుంది, కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

పళ్లెం ఫ్రేములోకి నాలుగు ఎం4 బోల్టుల మీద కూర్చుంటుంది. నాలుగూ తీస్తే బోర్డు, కూలరు, ర్యామ్ అన్నీ కలిసి టిఫిన్ ప్లేటులా బయటికొస్తాయి. చేత్తో పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లి అందరికీ చూపించాను.

మావయ్య స్టెయిన్‌లెస్ బోల్టుల వైపు చూసి ముఖం చిట్లించాడు. “అల్లుడూ, రెండు లోహాలూ మధ్యలో ఉప్పు తడీ ఉంటే బ్యాటరీ తయారైనట్టేరా. అల్యూమినియం తిని స్టెయిన్‌లెస్ బతుకుతుంది.” ఓడ అడుగుకి జింకు దిమ్మలు బిగించేదీ అందుకేనట, ఉక్కు బదులు జింకు అరిగిపోతుంది, అరిగాక దిమ్మ మారుస్తారు. మరి నేనేం చెయ్యాలి అంటే, నీకు ఫరవాలేదులే అన్నాడు. పెద్ద అల్యూమినియం ఒంటికి చిన్న స్టెయిన్‌లెస్ మర అయితే కోత చాలామేర పరుచుకుని నెమ్మదిగా జరుగుతుంది. తిరగబడితేనే, అంటే పెద్ద స్టెయిన్‌లెస్ రేకుకి చిన్న అల్యూమినియం రివెట్టు కొడితేనే, రివెట్టు చూస్తుండగానే పోతుంది. మరలకి గ్రీజు రాసి బిగించు చాలు అన్నాడు. రాశాను. ఇల్లంతా మెకానిక్ షెడ్డు వాసన.

జూన్ 29, ఆదివారం

ఈరోజు నా తెలివికి నేనే దండం పెట్టుకున్నాను.

వెనక పలక. పోర్టుల కోసం పెద్ద కిటికీ, 158.75 బై 44.45. ఈ వింత అంకెలేమిటంటే, ఏటీఎక్స్ కొలతలు 1995లో ఇంటెల్ వాళ్లు రాసినవి, అంగుళాల్లో రాశారు. ఆరుంపావు అంగుళాలు బై ఒకటీ ముప్పావు. మేస్త్రీ వింటే మెచ్చుకునేవాడు. ఆ కిటికీ జాగ్రత్తగా కోశాను. చుట్టూ వరసగా చిన్న కన్నాలు వేసి, మధ్య ముక్క ఊడగొట్టి, ఆకురాయితో గీత దాకా రాకడం. మూడు గంటలు, బొటనవేలు బొబ్బ.

దాని కింద కార్డుల కోసం నాలుగు చీలికలు. అప్పటికే అలిసిపోయాను. పాత క్యాబినెట్ మీద స్కేలు పెట్టి చూస్తే చీలికకీ చీలికకీ మధ్య ఇరవై మి.మీ. కనిపించింది. ఇరవై అనే గీశాను, కోశాను. గ్రాఫిక్స్ కార్డు పెట్టి చూశాను, మొదటి రెండింట్లో హాయిగా కూర్చుంది. సంతోషంగా టీ తాగాను.

తర్వాత వైఫై కార్డు నాలుగోదాంట్లో పెడితే కూర్చోదు. రేకు నాలుక చీలిక అంచు మీద ఎక్కి కూర్చుంటోంది. బోర్డు వంకరా, పళ్లెం జారిందా అని అన్నీ విప్పి చూశాను. చివరికి వెర్నియర్ (సన్నటి కొలతల పరికరం) అడిగి తెచ్చి కొలిస్తే అర్థమైంది. అది ఇరవై కాదు, 20.32. సున్నా దశాంశం ఎనిమిది అంగుళాలు. మొదటి రెండు చీలికల మధ్య 0.32 తప్పు ఎవడికీ తెలియదు, కార్డు సర్దుకుపోతుంది. నాలుగోదానికొచ్చేసరికి మూడు రెట్లయి 0.96, దాదాపు ఒక మిల్లీమీటరు. ఏడు చీలికల పెద్ద బోర్డయితే చివరికి రెండు మిల్లీమీటర్లు తప్పేది.

ఇక్కడ నేర్చుకున్నది ఒకటుంది, రేపు ఎవరైనా చేస్తే పనికొస్తుందని రాస్తున్నాను. చీలిక పక్కన చీలిక కొలుస్తూ పోకూడదు. అన్నింటినీ మొదటి గీత నుంచే కొలవాలి. 0, 20.32, 40.64, 60.96. అప్పుడు చేతి తప్పు పోగుపడదు.

పలక పారేశాను. పారేయలేదు, దాంట్లోంచి ఎస్సెంపీఎస్ ఊయల చేసుకుందామని దాచాను. రెండో పలకకి కిటికీ కోయడం రెండు గంటల్లో అయిపోయింది, చేతికి అలవాటు వచ్చేసింది. ఎస్సెంపీఎస్ వెనక పట్టే మరలు 6-32 అనే రకం, ఎం3 కాదు ఎం4 కాదు, హార్డ్‌వేరు షాపులో అడిగితే వాళ్లకి అర్థం కాలేదు. ఆ వంద రూపాయల బోర్డిచ్చిన రిపేరు షాపులోనే ఓ డబ్బా నిండా ఉన్నాయి, గుప్పెడు ఊరికే ఇచ్చారు. ఒక్క కీ షరతుకి ఇది మొదటి గండి. కానీ ఊయలతో సహా బయటికి తీస్తే ఫ్రేము వరకూ 3 మి.మీ. కీనే, కాబట్టి గండి లోపలిది, లెక్కలోకి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

జూలై 5, శనివారం

వైర్లు. బయటికి కనిపించకుండా దాచడం నాకు ఇష్టం లేదు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియంగా ఉంది కదా, చిన్నప్పుడు చూసినప్పుడు భయమేసింది, మొన్న మేనకోడలిని తీసుకెళ్లినప్పుడు మాత్రం గోడల మీద గొట్టాలూ కేబుళ్లూ ఎలా కట్టారా అనే చూస్తూ ఉండిపోయాను. అన్నీ కంటి ముందే, చెయ్యి వేసే చోటే ఉంటాయి. అందుకని వైర్లన్నీ గాడుల వెంబడే క్లిప్పులతో పారించి, కొసలకి కాగితం చీటీలు అంటించాను.

పవర్ బటన్ కోసం అంతా వెతికి చివరికి కాలింగ్ బెల్ స్విచ్చి పెట్టాను. నిజంగానే. మదర్‌బోర్డుకి కావల్సింది రెండు పిన్నుల్ని అరక్షణం కలపడమే, దానికి ప్లస్సూ మైనస్సూ కూడా లేదు, ఎల్ఈడీకైతే ఉంది. తెల్లటి గుండ్రటి బెల్లు స్విచ్చి, మీద గంట బొమ్మతో, డబ్బా నెత్తిన. మేనకోడలికి తెగ నచ్చింది.

జూలై 6, ఆదివారం

ఆన్ అయింది! ఫ్యాన్లు తిరిగాయి, తెర వచ్చింది. అమ్మ కొబ్బరికాయ కొట్టిస్తానంటే వద్దన్నాను, నీళ్లు చిందుతాయని. పది నిమిషాలు గడిచాయో లేదో, తుడుద్దామని తడిగుడ్డతో వచ్చిన అమ్మ “ఏరా, ఇది జివ్వుమంటోంది” అంది.

నేను ముట్టుకుంటే ఏమీ లేదు. అమ్మ భ్రమ అనుకున్నాను. చెప్పులు విప్పి ఎడమవైపు కడ్డీ మీద చెయ్యి వెనక భాగం ఆనించి జరిపాను, సన్నగా గరగరమంటూ జివ్వుమంది. కుడివైపు కడ్డీకి ఏమీ లేదు. ప్లగ్గు పీకేసి కూర్చున్నాను. పక్కనే బిగించి ఉన్న రెండు అల్యూమినియం కడ్డీలు, ఒకటి కొడుతుంది, ఒకటి కొట్టదు. అమ్మ ఇక ఆ గదిలోకి రానంది.

జూలై 12, శనివారం

ఎలక్ట్రీషియన్ తమ్ముడు వచ్చాడు. టెస్ట్ ల్యాంపు ఫేజుకీ న్యూట్రలుకీ పెడితే బల్బు వెలిగింది. ఫేజుకీ ఎర్తుకీ పెడితే వెలగలేదు. బోర్డు విప్పాడు. మూడో కన్నం వెనక వైరే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచీ లేదు. ఇన్నేళ్లూ మూడు పిన్నుల ప్లగ్గు పెట్టి ఎర్తు ఉందనుకుంటున్నాం.

అది ఒక సగం. ఎస్సెంపీఎస్ లోపల కరెంటు మోతని వడకట్టడానికి ఫేజు నుంచీ న్యూట్రలు నుంచీ దాని రేకు ఒంటికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కొంచెం కరెంటు అటు పోతుంది. లేకపోతే ఒళ్లు 230కీ సున్నాకీ మధ్యలో తేలుతుంది. వంటింటి ఎర్తు నుంచి వైరు లాగి తమ్ముడు మల్టీమీటరు పెడితే ఎడమ కడ్డీ మీద 108 చూపించింది. అతి తక్కువ కరెంటు కాబట్టి జివ్వుమనడమే, కానీ తడిచేత్తో, ఒట్టికాళ్లతో ఎవరైనా ముట్టుకునేదాన్ని అలా వదిలేయడానికి లేదు.

రెండో సగం నా తప్పు. కుడి కడ్డీ ఎందుకు కొట్టలేదు? ప్రొఫైలు మీద ఉన్న ఆ అందమైన వెండి పూత అనోడైజింగ్, అంటే అల్యూమినియం ఆక్సైడు, అది కరెంటుని పోనివ్వదు. కడ్డీకీ కడ్డీకీ మధ్య పూత, దానిమీద నేను ప్రేమగా రాసిన గ్రీజు. బోల్టు ఎక్కడ పూతని గీరిందో అక్కడ కరెంటు దాటింది, గీరని చోట ఆగింది. మల్టీమీటరు కూత మోడులో (కరెంటుకి దారి ఉంటే కూస్తుంది) పెట్టి ఫ్రేమంతా తిరిగితే పద్నాలుగు కడ్డీల్లో అయిదు మాత్రమే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. ఎర్తు సరిగ్గా ఉన్నా ఈ ఫ్రేము ఎర్తవదు. కొట్టని కడ్డీయే భయపెట్టింది నన్ను, రేపు లోపల వైరు తెగి దానికి తగిలితే ఎర్తుకి దారి లేదు కదా.

తమ్ముడు వంటింటి నుంచి కొత్త ఎర్తు వైరు లాగి, ల్యాంపు వెలిగించి చూపించి వెళ్లాడు. నేను రెండు రోజులు ఫ్రేము విప్పడంలో గడిపాను. ప్రతి జాయింటు దగ్గరా రూపాయి బిళ్లలో సగమంత మేర ఆకురాయితో పూత గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, బిగించాకే పైన గ్రీజు పూశాను, గీకిన చోట ఉప్పుగాలి తగలకుండా. ఊయలకీ పళ్లేనికీ మధ్య వేరుగా ఓ పచ్చ వైరు కూడా. ఇప్పుడు ఎక్కడ రెండు కొసలు పెట్టినా కూత వస్తుంది. మేనకోడలు అరగంట సేపు ఆ కూత పెట్టించుకుంటూ ఆడింది.

అమ్మ ఇంకా చెక్క గరిటెతో ముట్టుకుని చూస్తోంది.

జూలై 20, ఆదివారం

పక్క తలుపులకి ఏసీపీ. దుకాణాల బోర్డులు చేసేవాళ్ల దగ్గర తెగిన ముక్కలు తక్కువకి దొరికాయి. రెండు పల్చటి అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్కు. కత్తితో గీసి విరిస్తే నేరుగా తెగుతుంది. ఒకవైపు ముక్క మీద సగం ‘బిర్యానీ’ అని ఎర్రక్షరాలున్నాయి, లోపలివైపుకి తిప్పేశాను.

ముందు గోడకి 140 ఫ్యాన్లు రెండు, గాలి లోపలికి. వెనక 120 ఒకటి, బయటికి. కన్నాల మధ్య దూరం 140 దానికి 124.5, 120 దానికి 105, ఈసారి వెర్నియర్‌తోనే గీశాను. లోపలికి వచ్చే గాలి ఎక్కువ, పోయేది తక్కువ కావడం కావాలనే. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, ఉప్పు ధూళి సందుల్లోంచి దూరదు, వచ్చేదంతా ముందున్న జాలీలోంచే రావాలి. జాలీకి కిటికీల దోమతెర గుడ్డ రెండు పొరలు. వారానికోసారి ఊడదీసి కుళాయి కింద కడిగితే చాలు.

పనిచేస్తోందా అని అగరుబత్తి వెలిగించి సందుల దగ్గర తిప్పాను. పక్కల పొగ బయటికి తన్నుకుంది, బాగుంది. అడుగున ఎస్సెంపీఎస్ పక్క సందు దగ్గర మాత్రం పొగ లోపలికి పీల్చుకుంది, ఎస్సెంపీఎస్ ఫ్యానుకి అదే దారి మరి. అక్కడా ఓ దోమతెర ముక్క. పాత డబ్బాలో గేమ్ ఆడితే ప్రాసెసరు 81 డిగ్రీలకి వెళ్లేది, ఇప్పుడు 72 దాటలేదు. దాన్లో సగం ఘనత పాత డబ్బా దుమ్ముదే అనుకుంటా.

మేనకోడలు ఆట మధ్యలో కాలింగ్ బెల్లు నొక్కి అలాగే పట్టుకుంది. నాలుగు సెకన్లు పట్టుకుంటే కంప్యూటరు నిర్దాక్షిణ్యంగా ఆరిపోతుంది. ఆఫీసు పని గంటసేపటిది పోయింది. స్విచ్చి మీద సీసా మూత ఒకటి బోర్లించాను, పైకెత్తితేనే నొక్కాలి.

జూలై 27, ఆదివారం

ఈరోజు పరీక్ష. బావ ఫోనులో టైము పట్టాడు, నా చేతిలో 3 మి.మీ. కీ ఒక్కటే.

ముందు ఫ్యాన్ల గోడ: ఒక నిమిషం నలభై సెకన్లు. డిస్కుల పెట్టె: రెండు నిమిషాలు. బోర్డు పళ్లెం: నాలుగు నిమిషాలు పది, అందులో సగం 24 పిన్నుల కనెక్టరు క్లిప్పుతో కుస్తీయే. ఎస్సెంపీఎస్ ఊయల: పదకొండు నిమిషాలు. ఫెయిల్. బోల్టులు నిమిషంలో వచ్చాయి, కానీ దాని వైర్లన్నీ నేనే క్లిప్పులతో గాడుల్లో అంత ముద్దుగా కట్టేశాను, ఒక్కోటీ ఊడబెరకాలి. గ్రాఫిక్స్ కార్డు పెట్టి ఉంటే పళ్లెం రాదని కూడా ఇప్పుడే తెలిసింది, కార్డు ముందు తీయాలి. షరతు ప్రకారం అదీ సగం ఫెయిలే.

ఖర్చు: ప్రొఫైలు 1,700, నట్లు బోల్టులు 950, తూకం రేకు 1,300 (పారేసిన పలకతో సహా), కోత కూలీ 300, ట్యాపులూ బిట్లూ 600, ఫ్యాన్లు 2,400, ఏసీపీ 200, చచ్చిన బోర్డూ చిల్లరా 350. మొత్తం 7,800. ఎర్తు వైరు ఖర్చు ఇంటి ఖాతాలో రాశాను, అది డబ్బా కోసం కాదు కదా.

వచ్చే వారం ఎస్సెంపీఎస్ వైర్లకి ఊయల దగ్గరే ఓ మధ్య కనెక్టరు పెట్టాలి, లేదా క్లిప్పులు తీసేసి వెల్క్రో పట్టీలు చుట్టాలి. వెల్క్రోకే మొగ్గుతున్నాను, మధ్యలో ఇంకో జాయింటంటే తుప్పుకి ఇంకో చోటిచ్చినట్టు. గ్రాఫిక్స్ కార్డు సంగతి ఇంకా తేలలేదు.

సర్దేటప్పుడు కీ కనిపించలేదు. బల్ల కింద, మంచం కింద, బావ జేబులో కూడా వెతికాం. చివరికి అమ్మ కుట్టుమిషను సొరుగులో దొరికింది, బాబిన్లతో పాటు. ఎవరు పెట్టారో ఎవరూ ఒప్పుకోలేదు. అమ్మే ఎర్రదారం నాలుగు పేటలు వేసి దాన్ని ఫ్రేము వెనక కడ్డీకి కట్టింది, చెక్క గరిటె లేకుండా.